మా వీధి కుక్కకు పేరుండేది

పోయిన నెలలో ఒకరోజు బడి విడిచే వేళకు అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఎదురింటి గోడ నీడలో గోధుమరంగు కుక్క ఒకటి కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది. రెండో తరగతి పిల్లవాడు సంచి తగిలించుకుని వచ్చాడు. కుక్కను చూశాడో లేదో, కెవ్వుమని అరిచి పరుగు లంకించుకున్నాడు. నిద్రలో ఉలిక్కిపడి లేచిన కుక్కకు ఏమర్థమవుతుంది? ఎవరో అరిచారు, ఏదో పారిపోతోంది. అదీ వెంటపడింది. పిల్లవాడు బోర్లాపడ్డాడు. వాళ్ళ నాన్న బయటికొచ్చి ఇటుకముక్క విసిరితే కుక్క నడుముకు తగిలింది. పిల్లవాడి మోకాళ్ళు చెక్కుకుపోయాయి, కుక్క కుయ్యోమంటూ కుంటుకుంటూ పోయింది. "రేపట్నించి చేతిలో రాయి పెట్టుకుని రా" అన్నాడు తండ్రి. వాడికి దొరికిన పాఠం అంతే.

రెండు రోజులు తిరక్కముందే, అదే వీధి, అదే కుక్క. ఈసారి నాలుగేళ్ళ పాప. కుక్కకు బిస్కెట్లు వేసి, అది తింటుండగా మెడను రెండు చేతులా కావలించుకుంది. తల్లి ఫోనులో ఫొటో తీస్తోంది. నేను కుక్కనే చూస్తున్నాను. అది తినడం ఆపేసింది. ఒళ్ళు కొయ్యబారింది. తల కదల్చకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పింది, కంటి అంచున తెలుపు కనిపిస్తోంది. తినేది లేకపోయినా నాలుకతో మూతి తడుముకుంది. "అమ్మా, పాపను ఇట్లా పిలువు. అరవొద్దు, మెల్లగా పిలువు" అన్నాను. "ఏం చేయదు తాతా, మంచి కుక్క" అంది ఆ అమ్మాయి. మంచి కుక్కే, కాదనను. కానీ ఆ మూతికీ పాప చెంపకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. పసిపిల్లల ఎత్తుకు కుక్కకాటు ఎక్కువగా మొహం మీద, తల మీదే పడుతుంది. ఆ సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

ఒక ఇంట్లో రాయి ఇచ్చారు, ఇంకో ఇంట్లో ఫొటో తీసుకున్నారు. పిల్లలకు కుక్క గురించి చెప్పాల్సింది చెప్పిన ఇల్లు ఈ మధ్య నాకు ఒక్కటీ కనిపించలేదు. నా కోపమంతా అక్కడే.

నాకిప్పుడు డెబ్బై మూడు. నేను పుట్టేనాటికి మా ఊరు మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లా ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడినప్పుడు మేమూ, గిద్దలూరు వాళ్ళూ అందులో కలిశాం. ఊరికి పలకలే బతుకు. నలభై ఏళ్ళు నేనూ పలకల కార్ఖానాల్లోనే పనిచేశాను. ఇక్కడి నేలలోంచి తీసిన రాయి మీద ఎక్కడెక్కడి పిల్లలో ఓనమాలు దిద్దారు. అక్షరం ఊరికే రాదు, పక్కన కూర్చుని చెయ్యిపట్టి దిద్దించాలి. కుక్క దగ్గర ఎట్లా మెలగాలో కూడా మాకు పెద్దవాళ్ళు అట్లాగే దిద్దించారు. ఇప్పుడు పెద్దవాళ్ళ రెండు చేతులూ ఫోనుకే చాలడం లేదు.

మా వీధి కుక్క పేరు కర్రి. నల్లటిది, అందుకని కర్రి. ఎవరి కుక్కా కాదు, వీధి కుక్క. పొద్దున మా ఇంటి గంజి, మధ్యాహ్నం మూలింటి అవ్వ పెట్టే సంగటి, రాత్రి కార్ఖానా కాపలాదారు దగ్గర పడక. ఏ పిల్లకాయ ఏ ఇంటివాడో దానికి తెలుసు. దాని సంగతులు మాకూ తెలుసు. ఎడమచెవి ముట్టుకుంటే దానికి గిట్టదు. చీపురు చూస్తే బెదురుతుంది. ఉరిమితే వచ్చి మా మంచం కింద దూరుతుంది. చెన్నకేశవస్వామి తేరు రోజున డప్పులకూ టపాకాయలకూ ఊరవతలికి పోయి, మర్నాడు గానీ తిరిగొచ్చేది కాదు. ఆ రోజు దాన్ని వెతకొద్దని, పిలవొద్దని మాకు చెప్పేవాళ్ళు. భయపడిన కుక్క తెలిసినవాళ్ళను కూడా పోల్చుకోదని.

కర్రికి ముద్ద పెట్టడం మా జేజి నా చేత చేయించేది. చేతిలోంచి మాత్రం పెట్టనిచ్చేది కాదు. గడప అవతల, అంచు విరిగి కార్ఖానాలో పారేసిన పెద్ద పలక ఒకటి ఉండేది. ముద్ద దాని మీద పెట్టాలి. నాలుగడుగులు వెనక్కి రావాలి. అది తిని, మూతి నాక్కుని, తనంతట తాను పోయేదాకా అటు అడుగు వేయకూడదు. ఒకసారి సంగటి ముద్ద పక్కకు దొర్లిందని సర్దబోయాను. జేజి నా జబ్బ పట్టి వెనక్కి లాగింది. "నువ్వు తింటాంటే నేనొచ్చి నీ కంచంలో చెయ్యి పెడితే ఊరుకుంటావా?" అంది. నాకు అప్పుడు ఆరేళ్ళు. ఈనాటికీ తింటున్న కుక్క పక్కనుంచి పోవాల్సి వస్తే వీధికి అవతలివైపు నుంచే పోతాను.

ఇంకో సంగతి చెప్పాలి. కార్ఖానా వెనక పనికిరాని పలకరాతి ముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. ఒక చలికాలం ఆ గుట్టల సందులో కర్రి ఐదు పిల్లల్ని పెట్టింది. మాకు కాళ్ళు నిలవడం లేదు. పిల్లల్ని ఎత్తుకోవాలి, ఒడిలో పెట్టుకోవాలి, తలా ఒకటి పంచుకోవాలి. జేజి మమ్మల్ని వద్దనలేదు. "రండి, నేను చూపిస్తా" అని వెంటబెట్టుకుని పోయింది. ఇరవై అడుగుల ఇవతలే ఆపి కూర్చోబెట్టింది. కర్రి తలెత్తి చూసింది. మాలో ఒకడు ఆగలేక ముందుకు జరిగాడు. కర్రి పెదవి పైకి లేచింది, గొంతులోంచి గుర్రుమని సన్నగా వచ్చింది. రోజూ మేం పెట్టే ముద్ద తినే కర్రి మా మీద గుర్రుమనడం అదే మొదలు. వాడు ఏడుపుమొహం పెట్టాడు.

"తిట్టడం లేదురా, చెబుతోంది. అది నోరు తెరిచి చెప్పినప్పుడు వినాలి. రెండడుగులు వెనక్కి రా" అంది జేజి. వాడు వెనక్కి వచ్చాడు. గుర్రు ఆగింది. కర్రి తల దించుకుంది.

దాదాపు మూడు వారాలు రోజూ సాయంత్రం పోయి కూర్చున్నాం. కొంచెం కొంచెంగా మమ్మల్ని దగ్గరికి రానిచ్చింది. కొన్నాళ్ళకు తానే లేచొచ్చి మా కాళ్ళు వాసన చూసి పోయింది. కళ్ళు తెరిచిన పిల్లలు తప్పటడుగులతో సందులోంచి బయటికి వచ్చిన రోజున కర్రి మా పక్కనే పడుకుని ఉంది, ఏమీ అనలేదు. అన్నాళ్ళు ఎదురుచూసిన తర్వాత ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుంటే ఎట్లా ఉంటుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. పాల వాసన, గుండె టకటక కొట్టుకోవడం, ఆ వెచ్చదనం ఇంకా నా అరచేతుల్లో ఉన్నాయి.

ఈ సంక్రాంతికి మా పక్క వీధి పిల్లలు కళ్ళు తెరవని కుక్కపిల్లను తల్లి దగ్గర్నించి ఎత్తుకొచ్చి ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని తిప్పారు. పెద్దవాళ్ళు "ఆడుకోనీలే" అన్నారు. తల్లికుక్క వీధి వీధీ తిరిగి అరిచింది. దాన్ని పిచ్చికుక్క అని కర్రలతో తరిమారు. మూడోరోజుకు పిల్ల చచ్చిపోయింది. ఆ పిల్లల్ని నేను తిట్టను. తల్లీబిడ్డల జోలికి పోకూడదని వాళ్ళకు ఏ జేజి చెప్పింది గనక?

ఒకరి కుక్క దగ్గరికి ఎట్లా పోవాలో నేను నేర్చుకున్నది గొర్రెల మంద దగ్గర. కోతలయ్యాక మా చేలల్లో కాపరులు మంద కట్టేవాళ్ళు. గొర్రెల పెంట చేనికి బలం, అందుకు వాళ్ళకు గింజలు కొలిచేవాళ్ళం. సందెవేళ వాళ్ళకు కూడు తీసుకుని నాన్నతో పోయేవాణ్ణి. చేని గట్టు మీదే నాన్న ఆగి కేకేసేవాడు: "ఓ అన్నా! కుక్కల్ని పిలుచుకో!" కాపరి బదులు పలికేదాకా గట్టు దిగేవాడు కాదు. చేను మాదే అయినా మంద వాళ్ళది, మంద కాపలా ఆ కుక్కలది. కాపరి పిలిచి, సరేనన్నాక దిగేవాళ్ళం. కుక్కలు చుట్టూ చేరేవి. చేతులు పక్కకు వేలాడేసి, వేళ్ళు ముడుచుకుని, వాటి కళ్ళల్లోకి చూడకుండా నిలబడాలి. వాసన చూడటమే వాటి పలకరింపు. అది అయిపోయినాక వాటికి ఇష్టమైతే దగ్గర నిలుస్తాయి, లేకుంటే పోతాయి. దోర్నాల అడవి దారిలో చెంచుగూడేల కుక్కల దగ్గరా ఇదే మర్యాద. వేటలో, కాపలాలో కుక్క చెంచులకు ఇంటిమనిషి. గూడెం పిల్లవాడు ఒక్క కూత వేస్తే మొరుగుతున్నవి మొరుగుతున్నట్టే ఆగిపోయేవి.

ఇప్పుడు పెంపుడు కుక్క కనిపిస్తే చాలు, పిల్లలు పరుగెత్తుకుంటూ పోయి నెత్తిమీద చెయ్యి వేస్తున్నారు. ముందు కుక్కవాళ్ళను అడగాలి. తర్వాత కుక్కను అడగాలి, అంటే అది వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. పైనుంచి వచ్చే చెయ్యి కుక్కకు దెబ్బలాగే కనిపిస్తుంది. మెడ కిందో భుజం పక్కనో నిమరాలి. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

అసలు ఇప్పుడు పెంచేవాళ్ళ తీరు చూస్తే నా కడుపు మండుతుంది. మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊరికి మంచు దేశపు బొచ్చుకుక్కను తెచ్చుకున్నారొకరు. రోజంతా మిద్దె మీద గొలుసుకు కట్టేస్తారు. దానికి మనిషి లేడు, తోడు లేదు, నడక లేదు. అట్లాంటి కుక్క ఒకరోజు గొలుసు తెంపుకుని వీధి పిల్లవాడి మీదికి పోతే "జాతి చెడ్డది" అంటారు. గొలుసు మాట ఎవరూ ఎత్తరు.

మా రోజులన్నీ బంగారమని నేననను. కుక్కతోకకు రేకు డబ్బా కట్టి తరిమిన మగపిల్లల గుంపులో నేనూ ఉన్నాను. దీపావళినాడు తోకకు టపాకాయల సరం కట్టినవాళ్ళనూ చూశాను. అది చూసిన రాత్రే జేజి మాకు సరమ కథ చెప్పింది. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో మొదట్లోనే వచ్చే కథ అది. జనమేజయుడు యాగం చేసేచోటికి ఆడుకోవడానికి వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు ఊరికే కొడతారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమకు చెప్పుకుంటుంది. సరమ నేరుగా రాజు దగ్గరికే పోయి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడుగుతుంది. తప్పులేనివాళ్ళను హింసించినవాళ్ళకు అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి పోతుంది. అంత భారతమూ ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపించాకనే మొదలవుతుందని, చివర ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్న మాటతో పూర్తవుతుందని జేజి అనేది. తోకకు డబ్బా కట్టిన నా చేతులు ఆ రాత్రి దుప్పట్లో దాచుకున్నాను.

అంతకంటే ఘోరం మా అజ్ఞానం. నా తోటివాడొకడు, పదేళ్ళవాడు, పొరుగూరిలో కుక్కపిల్ల కరిస్తే ఇంట్లో గాయం మీద కారప్పొడి అద్దారు. పసరు కట్టించారు. పుండు మానింది, అందరం మరిచిపోయాం. రెండు నెలలకు వాడికి నీళ్ళు చూస్తే గొంతు బిగుసుకుపోవడం మొదలైంది. గదిలో పెట్టి తలుపేశారు. కిటికీలోంచి వాడు నన్ను పేరుపెట్టి పిలిచాడు. నన్ను దగ్గరికి పోనివ్వలేదు. నాలుగోరోజున వాణ్ణి తీసుకుపోయారు.

ఆ జబ్బు పేరు రేబిస్ అనీ, దానికి మందు అప్పటికే ఉందనీ నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్‌కు టీకా వేయించి బతికించాడు. మన దక్షిణాదిలో 1907లోనే కూనూరులో పాశ్చర్ సంస్థ పెట్టారు. మా చిన్నతనంలో దొరికింది గొర్రె మెదడు నుంచి తయారుచేసిన మందు. బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున 14 సూదులు. ఆ నొప్పికి భయపడే చాలామంది పసరువైద్యుడి గడప తొక్కారు. ఆ పాతమందు తయారీ 2004తో మన దేశంలో ఆగిపోయింది. ఇప్పటి సూది చేతికి వేస్తారు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కరిచిన రోజున, తర్వాత 3, 7, 28 రోజులకు వేయించుకోవాలి. నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోనే వేసే ఇంకో మందు కూడా ఉంటుంది, అదీ అడిగి వేయించుకోవాలి. ఇంత సులువైన రోజుల్లో కూడా కుక్క గీరిందని ఇంట్లో చెబితే తిడతారని దాచే పిల్లలు ఉన్నారు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో పదిమందికి నలుగురు పదిహేనేళ్ళలోపు పిల్లలే. పిల్లలకు ముందుగా నేర్పాల్సిన మాట, "కుక్క పన్ను తగిలినా, గోరు తగిలినా ఇంట్లో చెప్పు, నిన్నేమీ అనం." చెప్పాక అనకుండా ఉండటం పెద్దవాళ్ళ పని.

గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. ఈ మాట మా ఊళ్ళో చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకు అర్థమవుతుంది. డ్రమ్ము ఇంతని కొనుక్కుని, ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి, మొహం కడిగిన నీళ్ళు చెట్టుకు పోసుకునే ఊరు మాది. చెంబుడు నీళ్ళు పోసి తుడిచేయడమే అలవాటు. అందుకే నొక్కి చెబుతున్నాను. ఆ ఒక్కసారి లెక్క చూడొద్దు. ఇంట్లో రెండు బిందెలే ఉంటే రెండూ పొయ్యండి, పక్కింట్లో అడిగి పొయ్యండి. ఆ నీళ్ళతో పోయేది విషమే.

"మొరిగే కుక్క కరవదు" అనే సామెత పిల్లలకు చెప్పకండి. మొరిగేదీ కరుస్తుంది. మొరుగు, గుర్రు అది మనకిచ్చే గడువు. గుర్రుమందని కొడితే ఈసారి గుర్రుమనకుండానే కరవడం నేర్చుకుంటుంది. తోక ఊపినంత మాత్రాన స్నేహం కాదు. ఒళ్ళంతా వదులుగా, నడుముతో సహా ఊగుతుంటే అది సంతోషం. ఒళ్ళు బిగబట్టి, తోక నిక్కబొడిచి కొస మాత్రం కదిలిస్తుంటే ఆగిపోవాలి. కుక్క మీదికొస్తే పరుగెత్తకూడదు, ఎందుకంటే ఏ పిల్లవాడూ దానికంటే వేగంగా పరుగెత్తలేడు. గుంజలా నిలబడాలి, చేతులు పక్కకు పెట్టుకోవాలి, చూపు నేల మీద ఉండాలి. పడిపోతే మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని, చేతులతో మెడా చెవులూ కప్పుకుని కదలకుండా ఉండాలి. గుంపు కుక్కలున్న చోటికి పసివాణ్ణి ఒంటరిగా పంపడం మాత్రం ఏ నేర్పూ కాపాడలేని పని. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు వీధికుక్కల గుంపు దాడిలో చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో వీధికుక్కలు లేకుండా చూడమంది. బడికి గోడ కట్టనీ, మంచిదే. ఇంటినుంచి ఆ గోడదాకా పిల్లవాడు నడిచే దారి ఉంది కదా? ఆ దారిలో కోడిమాంసం కొట్ల వ్యర్థం పారేసిందీ, చెత్తకుప్పలు పెంచిందీ, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలని, రేబిస్ టీకాలు వేయించాలని నిబంధనల్లో రాసి ఉన్నా పట్టించుకోనిదీ మనుషులే. ఆపరేషనైన కుక్కకు చెవి కొస కత్తిరించి వదులుతారు. మా వీధిలో అట్లాంటి చెవి ఒకటో రెండో కనిపిస్తాయి. మిగతావి ఏటా కంటూనే ఉన్నాయి.

మా రోజుల్లో కుక్కకు పేరుండటం ముద్దు కోసమే అనుకునేవాణ్ణి. ఈ వయసుకు దానిలోని ఇంకో మేలు తెలిసింది. కర్రి రోజూ ఎట్లా ఉంటుందో వీధిలో అందరికీ తెలుసు గనక, ఒకనాడు అది ముద్ద ముట్టకపోతే, పిలిస్తే పలక్కపోతే, చొంగ కారుస్తూ తూలి నడిస్తే ఆ పూటే పెద్దవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్ళు. పేరులేని కుక్క మారిపోయినా ఎవరికి తెలుస్తుంది?

అందుకే ఈ వేసవిలో వీధి పిల్లల్ని సాయంత్రం అరుగు దగ్గరికి పిలుస్తున్నాను. ఐదుగురు వస్తున్నారు. వాళ్ళల్లో ఆ మోకాళ్ళు చెక్కుకున్నవాడు ఉన్నాడు, కావలించుకున్న పాప కూడా తల్లి చెయ్యి పట్టుకుని వస్తోంది. మొదటిరోజు గుంజలా నిలబడటం ఆడించాను. కదలకుండా యాభై లెక్కపెట్టేసరికి వాడి కాళ్ళు వణికాయి, నాలుగోరోజుకు నిలిచాయి. పాత ఇంటి సామాన్లలోంచి రాతితొట్టి ఒకటి తీయించి కడిగి గోడవారగా పెట్టాం. ట్యాంకరు వచ్చిన రోజు ప్రతి ఇంటినుంచీ ఒక చెంబు నీళ్ళు అందులో పడాలని ఒప్పందం.

నిన్న సాయంత్రం చెంబు పట్టుకుని వాడే వచ్చాడు. గోధుమరంగు కుక్క ఇంకా కుంటుతూనే ఉంది, గోడమూల నుంచి చూస్తోంది. వాడు నీళ్ళు పోసి, అటు చూడకుండా వెనక్కి నడిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చేతులు పక్కకు పెట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి గానీ కుక్క రాలేదు. వచ్చి తాగింది. తాగుతూ మధ్యలో తలెత్తి వాణ్ణి చూసి మళ్ళీ తాగింది. వాడు నోరు కదలకుండా, నాకు మాత్రమే వినిపించేట్టు అడిగాడు.

"దీని పేరేంది తాతా?"

మూడేళ్ళ నుంచి అది మా గుమ్మం ముందే పడుకుంటోంది. నా దగ్గర జవాబు లేదు.